ఫ్రెంచి పాఠంలో తెలుగు: ఎంత, ఎక్కడ?

పరిచయం

విదేశీ భాషను బోధించేటప్పుడు విద్యార్థి మాతృభాషను వాడవచ్చా అన్నది భాషాబోధనలో నూట పాతికేళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. ఈ పాఠ్యభాగంలో ఆ ప్రశ్నను ఫ్రెంచి భాషకూ తెలుగు విద్యార్థికీ అన్వయించి విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం. సందర్భంగా నెల్లూరు తీరాన్ని తీసుకున్నాం. దానికి కారణాలున్నాయి. తడ, సూళ్ళూరుపేట, పులికాట్ ప్రాంతాల్లో పిల్లలు తెలుగు, తమిళం రెండూ వింటూ పెరుగుతారు. నెల్లూరు పట్టణంలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకే భాష తెలిసిన తరగతి అనేది ఇక్కడ ఊహకు అందదు. పైగా ఫ్రెంచి ఈ తీరానికి మరీ దూరపు భాషేమీ కాదు. శ్రీహరికోట నుంచి 1993లో మొదటిసారి ప్రయోగించిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు రెండో దశలో ఉండే వికాస్ ఇంజన్‌కు మూలం ఫ్రాన్సు దేశపు వైకింగ్ ఇంజనే.

ఒక సూచన. ఈ పాఠంలో ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. వీటిని ఉచ్చారణకు ప్రమాణంగా తీసుకోవద్దు. ఎందుకు తీసుకోకూడదో మూడింట రెండు వంతులు చదివేసరికి మీకే తెలుస్తుంది.

నిషేధం ఎక్కడి నుంచి వచ్చింది?

పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా పాఠశాలల్లో విదేశీ భాషలను లాటిన్ నేర్పినట్టే నేర్పేవారు. క్రియారూపాల పట్టికలు కంఠస్థం చేయడం, వాక్యాలను అటూ ఇటూ అనువదించడం, అంతే. దీన్ని వ్యాకరణ-అనువాద పద్ధతి అంటాం. ఆరేళ్ళు చదివిన విద్యార్థి పరీక్షలో నెగ్గేవాడు గాని, పరాయి ఊళ్ళో మంచినీళ్ళు అడగలేకపోయేవాడు. దాని మీద తిరుగుబాటుగా వచ్చిందే ప్రత్యక్ష పద్ధతి. పాఠం మొదలైన క్షణం నుంచీ లక్ష్యభాషే వినబడాలి, అనువాదం కూడదు, వస్తువును చూపించి పేరు చెప్పాలి అన్నది దాని సూత్రం.

ఈ పద్ధతి పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ భాషల పాఠశాల తెరిచాడు. ఫ్రెంచి చెప్పడానికి నికొలా జోలీ అనే యువకుణ్ణి పెట్టుకున్నాడు. తీరా చూస్తే అతనికి ఇంగ్లీషు రాదు. బెర్లిట్జ్ జబ్బుపడితే, జోలీ సైగలతో, వస్తువులతో పాఠాలు నడిపాడట. కొన్ని వారాల తర్వాత కోలుకుని వచ్చిన బెర్లిట్జ్‌కు విద్యార్థులు ఫ్రెంచిలో మాట్లాడుతూ కనిపించారట. కథలో ఎంత నిజమున్నా, దాన్ని ఒక విషయం కోసం చదవాలి. ఇందులో పద్ధతికి ఆధారం సిద్ధాంతం కాదు, ఉపాధ్యాయుడికి విద్యార్థుల భాష రాకపోవడం. ఆ లోటే తర్వాత సుగుణంగా మారింది. విద్యార్థుల భాష రాని ఉపాధ్యాయుణ్ణి ఏ దేశానికైనా పంపవచ్చు, ఒకే పుస్తకాన్ని ఏ దేశంలోనైనా అమ్మవచ్చు. పద్ధతి గుణదోషాలను చర్చించేటప్పుడు ఈ వ్యాపార సౌలభ్యాన్ని విస్మరించరాదు.

ఫ్రాన్సు ప్రభుత్వం 1902లో తన పాఠశాలల్లో విదేశీ భాషలకు ప్రత్యక్ష పద్ధతినే విధించింది. 1925 నాటి ఆదేశాలు ఆ పట్టును సడలించాయి. అంటే నిషేధాన్ని సొంత పిల్లల మీద ప్రయోగించి చూసిన దేశమే పాతికేళ్ళలోపు వెనక్కి తగ్గింది. కాని ఫ్రెంచిని బయటి దేశాలవారికి నేర్పే రంగంలో ఆ ధోరణి చాలాకాలం నిలిచింది. 1953లో వచ్చిన గాస్తోం మోజే పాఠ్యపుస్తకం, నీలిరంగు అట్ట వల్ల ‘నీలి మోజే’గా పేరు పొందినది, అలియాంస్ ఫ్రాంసేజ్ తరగతుల ద్వారా ప్రపంచమంతా తిరిగింది. మొదటి పుట నుంచీ అంతా ఫ్రెంచే.

ఇంగ్లీషు బోధన విషయంలో 1961లో ఉగాండాలోని మకెరెరెలో జరిగిన కామన్వెల్తు సమావేశం ఇలాంటి భావాలకే ముద్ర వేసింది. రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో రాసిన గ్రంథంలో వాటిని భ్రమలుగా విశ్లేషించాడు. ఒకే భాషలో బోధించాలన్న నియమం వాటిలో మొదటిది. ఈలోగా 1967లో వేల్స్‌లో డాడ్సన్ ద్విభాషా పద్ధతిని ప్రతిపాదించాడు. కొత్త వాక్యం అర్థాన్ని మాతృభాషలో ఒక్కసారి చెప్పేసి, మిగిలిన సమయమంతా ఆ వాక్యాన్ని లక్ష్యభాషలో వాడించడం అందులో ముఖ్యాంశం.

వచ్చినవారు మన భాషను ఎలా నేర్చుకున్నారు?

ఇప్పుడు ప్రశ్నను తిరగేసి చూద్దాం. ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు తెలుగు నేర్చుకున్నప్పుడు తమ భాషను గుమ్మం బయట వదిలి వచ్చారా? పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగు దేశంలో పనిచేసిన జెసూట్ మతబోధకుడు గాస్తోం-లోరాం కేర్దూ తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న పోలికలను 1767లో పారిస్ పండితులకు లేఖ ద్వారా తెలిపినవాడూ ఆయనే. తెలిసిన భాష పక్కన తెలియని భాషను పెట్టి చూసే అలవాటు వల్లనే ఆయనకు ఆ పోలిక దొరికింది. 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు సంగతి మీకు తెలిసిందే. వారు మన భాషను తమ భాష ద్వారానే నేర్చుకున్నారు. తమ భాషను మనం నేర్చుకోవలసి వచ్చినప్పుడు మాత్రం మన భాష అడ్డంకి అయింది. ఈ అసమానతను మొహమాటం లేకుండా గుర్తించాలి.

నెల్లూరు సీమ వైపు నుంచి దీనికి ఒక సాక్ష్యం ఉంది. వెన్నెలకంటి సుబ్బారావు (1784-1839) ఒంగోలు ప్రాంతంలో పుట్టాడు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ఆయన పలు భాషలు నేర్చి, 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా, దుబాసిగా పనిచేశాడు. ఇంగ్లీషులో రాసుకున్న ఆయన ఆత్మకథను కుమారుడు 1873లో అచ్చువేయించాడు. 1820లో మద్రాసు పాఠ్యపుస్తక సంఘానికి ఆయన ఒక నివేదిక ఇచ్చాడు. పిల్లలు అర్థం తెలియకుండా చదువుతున్నారన్నది అందులోని ముఖ్యమైన ఫిర్యాదు. ఈ మాట అన్నది భాషలతోనే బతికిన మనిషి. దుబాసి అంటేనే రెండు భాషలవాడు. ఒక భాషను మరో భాష ఎదుట నిలబెట్టడమే ఆయన వృత్తి. అర్థం చేతికి అందకుండా నోటికి వచ్చిన మాట ఎందుకూ కొరగాదని కోర్టు మెట్ల మీద పనిచేసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఉత్తరాన గిడుగు రామమూర్తి (1863-1940) సవర పిల్లలకు సవర భాషలోనే పాఠాలు రాసి చెప్పించిన చరిత్రను మీరు వేరే చదివి ఉంటారు. అందులోని తర్కమూ ఇదే.

నిషేధం తెలుగు మీదే, ఇంగ్లీషు మీద కాదు

ఇంతవరకూ చెప్పినది చరిత్ర. మన ప్రాంతపు వాస్తవానికి వస్తే, చర్చ రూపమే మారిపోతుంది. మన కళాశాలల్లో చాలామంది ఇంటర్మీడియట్ విద్యార్థులు ఫ్రెంచిని రెండో భాషగా తీసుకునేది మార్కుల కోసం. ఆ తరగతుల్లో ‘మాతృభాష కూడదు’ అన్న నియమం వినిపిస్తుంది గాని, వ్యాకరణ వివరణలు, పదాల అర్థాలు, అనువాద అభ్యాసాలు చాలావరకు ఇంగ్లీషులో సాగుతాయి. అంటే అక్కడ ఫ్రెంచి మాత్రమే ఉండడం లేదు, తెలుగు మాత్రమే లేకుండా పోతోంది. నిజానికి మధ్యవర్తి భాష ఒకటి ఉంది. అది విద్యార్థి భాష కాదు, అంతే తేడా.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? ముత్తుకూరు నుంచో వాకాడు నుంచో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఫ్రెంచి కష్టం కాదు. ఫ్రెంచికి వేసిన ఇంగ్లీషు గడప కష్టం. ఆ గడప దగ్గర తడబడినవారిని ‘భాషలు రానివారు’గా లెక్కవేస్తున్నాం. ఇంగ్లీషు మధ్యవర్తిత్వం లేకుండా ఫ్రెంచి తెలుగువారికి చేరిన చోటు ప్రధానంగా యానాం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊరికి ఫ్రెంచి నేరుగా, తెలుగు పక్కనే వచ్చింది. తక్కిన తెలుగు నేల మీద అది ఇంగ్లీషు వెనుక వచ్చి నిలబడింది.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చాలాచోట్ల ఫ్రెంచికి ఇంగ్లీషు కంటే తెలుగే మెరుగైన దారి. కొన్ని ఉదాహరణలు నిదానంగా చూడండి.

ఫ్రెంచిలో ఎదుటివారిని పిలవడానికి ‘తు’, ‘వూ’ అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషు ద్వారా చెబితే దీనికి అరపుట వివరణ కావాలి. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ అంటే చాలు. ఒక్కరికే గౌరవంగా బహువచనం వాడడం కూడా మనకు కొత్త కాదు. అయితే ఇక్కడ ఆగిపోతే పొరపాటు. ఫ్రెంచి దంపతులు ఈనాడు ఒకరినొకరు ‘తు’ అనే అనుకుంటారు. మన ఇళ్ళలో భర్త భార్యను ‘నువ్వు’ అంటే, చాలామంది భార్యలు భర్తను ‘మీరు’ అంటారు. కోడలు అత్తగారిని ‘మీరు’ అంటుంది. దేవుణ్ణి మాత్రం ఇద్దరూ ఏకవచనంలోనే పిలుస్తారు, వాళ్ళూ మనమూ. మాతృభాష మొదటి మెట్టు ఎక్కిస్తుంది. రెండో మెట్టు ఎక్కడ వేరవుతుందో చూపించడం ఉపాధ్యాయుడి పని.

‘స మ ప్లె’ అనే వాక్యం చూడండి. దీన్ని మాటకు మాట విడదీస్తే ‘అది నాకు నచ్చుతుంది’. ‘ఇల్ మ ఫో’ అంటే ‘నాకు కావాలి’. ‘తు మ మాంక్’ అంటే ‘నువ్వు లేని లోటు నాకు తెలుస్తోంది’ అని భావం. ఈ వాక్యంలో కర్త ‘నువ్వు’, లోటు అనుభవించే మనిషికి ‘నాకు’ అన్న స్థానం. ఇంగ్లీషులో ఇదే భావానికి అనుభవించేవాడు కర్త అవుతాడు. అందుకే ఇంగ్లీషు దారిలో వచ్చిన విద్యార్థి ఈ వాక్యాన్ని తరచూ తలకిందులు చేస్తాడు, తనకు ఎవరో గుర్తొస్తున్నారని చెప్పబోయి, తానే వాళ్ళకు గుర్తొస్తున్నానని చెబుతాడు. ‘నువ్వు నాకు గుర్తొస్తున్నావు’ అనే భాషలో పుట్టినవాడికి ఆ తలకిందులు అవసరమే లేదు.

మరొకటి. తీరంలో పెరిగినవాడు ‘ఈత నాకు వచ్చు, కాని కాలు బెణికింది, ఈరోజు ఈదలేను’ అంటాడు. నేర్చుకున్న విద్యకు ‘వచ్చు’, అప్పటి శక్తికి ‘గలను, లేను’. ఫ్రెంచిలోనూ సరిగ్గా ఇదే విభజన. నేర్చినదానికి ‘సవ్వార్’, చేయగలగడానికి ‘పువ్వార్’ అని రెండు క్రియలు. ఇంగ్లీషు రెంటికీ ఒకే సహాయక క్రియతో సరిపెడుతుంది. కాబట్టి ఇంగ్లీషు ద్వారా నేర్చినవారు ఈ రెండు క్రియలను ఏళ్ళతరబడి కలగలుపుతూ ఉంటారు.

సంధి తెలిసినవారికి

ఇది విడిగా చెప్పుకోదగ్గ విషయం, మన పాఠ్యపుస్తకాలు దాదాపుగా పట్టించుకోనిది.

ఫ్రెంచిలో ‘ల’ అనే ఉపపదం ‘అమి’ (స్నేహితుడు) ముందు వస్తే ‘లమి’ అవుతుంది. ‘సోముడు + ఇతడు = సోముడితడు’ అని ఉత్వసంధి చదివిన విద్యార్థికి ఇందులో వింత ఏముంది? రెండచ్చులు ఎదురైనప్పుడు మొదటిది లోపించింది. దీన్ని పరాయి భాష విడ్డూరంగా చూపడం మన దగ్గరున్న పరికరాన్ని పక్కన పడేయడమే.

ఇంకా లోతైన పోలిక ద్రుతంలో ఉంది. ఫ్రెంచిలో చాలా మాటల చివరి హల్లు మామూలుగా పలకదు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే బయటికి వస్తుంది. ‘లే’ అన్నది ‘అమి’ ముందు ‘లే జామి’ అవుతుంది. ‘నా’ అనే అర్థమిచ్చే ‘మోఁ’ హల్లుకు ముందు ముక్కుతో పలికే అచ్చుగా ఉండి, ‘అమి’ ముందు ‘మోఁ నామి’ అని నకారాన్ని చూపిస్తుంది. ఇప్పుడు బాలవ్యాకరణం గుర్తు తెచ్చుకోండి. ‘పూచెను + కలువలు’ హల్లుకు ముందు ‘పూచెఁ గలువలు’ అయి అరసున్న మిగులుతుంది. ‘వచ్చెను + అతడు’ అచ్చుకు ముందు ‘వచ్చెనతడు’ అయి నకారం నిలుస్తుంది. ఒకే నకారం ఒకచోట అనునాసికమై, ఒకచోట స్పష్టంగా పలికే ఈ తీరు రెండు భాషల్లోనూ కనిపిస్తోంది. రెండు భాషలకూ చుట్టరికం ఉందని దీని అర్థం కాదు. ప్రవర్తనలో పోలిక మాత్రమే. సరళాదేశం ఫ్రెంచిలో లేదు. కాని చిన్నయ సూరి 1858లో సూత్రీకరించిన పరిభాష చేతిలో ఉన్న విద్యార్థికి, ఇంగ్లీషు పుస్తకం మూడు పుటల్లో చెప్పేదాన్ని మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. అరసున్న ఇప్పుడు మన నోట పలకడం లేదన్నది నిజమే. దాని భావన మాత్రం మన వ్యాకరణంలో భద్రంగా ఉంది.

తెలుగు చేయి వదిలేచోట

అలాగని తెలుగు అన్నిచోట్లా దారి చూపదు. ఫ్రెంచిలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. సముద్రం (మేర్) స్త్రీలింగం, పెద్ద పడవ (బతో) పుంలింగం, చిన్న పడవ (బార్క్) మళ్ళీ స్త్రీలింగం. రొయ్య స్త్రీలింగం, చేప పుంలింగం. తెలుగులో ‘ఆమె వచ్చింది, పడవ వచ్చింది’ అని ఏకవచనంలో స్త్రీనీ వస్తువునూ ఒకే గాటన కడతాం. ఇక్కడ తెలుగుతో పోల్చి చెప్పబోతే గందరగోళమే మిగులుతుంది.

అయినా నెల్లూరు తరగతిలో సాయం లేకపోలేదు. అది మరో మాతృభాష నుంచి వస్తుంది. ఉర్దూ మాట్లాడే విద్యార్థికి పుస్తకం స్త్రీలింగమనీ, ఇల్లు పుంలింగమనీ చిన్ననాటి నుంచే తెలుసు. వస్తువులకు లింగమేమిటన్న ప్రశ్న ఆ విద్యార్థికి పుట్టనే పుట్టదు. సంస్కృతం చదివినవారికి మరో ఉదాహరణ ఉంది. దార, భార్య, కళత్రం మూడూ ఒకే మనిషిని చెప్పినా మొదటిది పుంలింగం, రెండోది స్త్రీలింగం, మూడోది నపుంసకం. లింగమంటే ఆడా మగా కాదని, నామవాచకాలను పంచిన గంపలని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మాతృభాషను అనుమతించాలి అన్నప్పుడు ఏకవచనం వాడుతున్నాం గాని, మన తరగతుల్లో అది బహువచనం.

రెండో ప్రమాదం లిపిది. ఫ్రెంచిలో ‘పైన’ అనే మాటనూ ‘కింద’ అనే మాటనూ తెలుగు లిపిలో రాస్తే రెండూ ‘దసూ’ అవుతాయి. అసలు తేడా చివరి అచ్చులో ఉంది. ఒకదానిలో మన ‘ఊ’. రెండోదానిలో పెదవులను ‘ఊ’కు చుట్టినట్టు చుట్టి, నాలుకతో ‘ఈ’ పలకాలి. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ‘వీధి’కీ ‘చక్రాని’కీ కూడా ఇదే గతి, రెండూ ‘రూ’. తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టిన విద్యార్థి పైనున్నదాన్ని కింద వెతుకుతాడు. ఎలా పలకాలో తెలుగులో వివరించవచ్చు, పలకవలసిన ధ్వనిని మాత్రం తెలుగులో రాయకూడదు. ఈ పాఠం మొదట్లో చేసిన హెచ్చరిక దీని గురించే. ధ్వని చెవి ద్వారానే రావాలి.

ఎంత, ఎప్పుడు?

ప్రత్యక్ష పద్ధతివారి వాదనలో ఒక అంశం మాత్రం తిరుగులేనిది. ఉపాధ్యాయుడు గంటలో యాభై నిమిషాలు తెలుగులో ఫ్రెంచి గురించి మాట్లాడి, పది నిమిషాలు ఫ్రెంచి చదివిస్తే, అది ఫ్రెంచి తరగతి కాదు. మాతృభాష పేరుతో ఈ సోమరితనాన్ని సమర్థించేవారూ ఉన్నారు. వారికి ఈ పాఠంలో మద్దతు దొరకదు. నెల్లూరు వీధిలో ఫ్రెంచి వినబడదు. తరగతిలో వినబడకపోతే ఇంకెక్కడా వినబడదు.

అయితే ఈ వాదన సాధారణ కళాశాలకు ఒక రకంగా, దూరవిద్యకు మరో రకంగా వర్తిస్తుంది. దూరవిద్యార్థికి పుస్తకం ఎప్పుడూ చేతిలో ఉంటుంది. అధ్యయన కేంద్రంలో ఉపాధ్యాయుడు దొరికేది ఏడాదిలో కొన్ని ఆదివారాలే. కాబట్టి వివరణను పుస్తకానికి వదిలేయాలి. ‘తు-వూ’ తేడా, ‘సవ్వార్-పువ్వార్’ విభజన, లింగం, సంధి అన్నీ ఇంటి దగ్గర తెలుగులో చదివి అర్థం చేసుకోవచ్చు. అర్థం కాకపోతే మళ్ళీ చదవవచ్చు. అలా చదివి వచ్చినవారితో సంప్రదింపు తరగతిలో గడిపే ప్రతి నిమిషమూ ఫ్రెంచికే కేటాయించాలి. ప్రస్తుతం చాలాచోట్ల దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతోంది. ఏ భాషా రాని ఒంటరి విద్యార్థి చేతికి అంతా ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో ఉన్న పుస్తకం ఇస్తున్నారు. అరుదుగా దొరికే ముఖాముఖి గంటను ఆ పుస్తకాన్ని నోటితో అనువదించడానికి ఖర్చుచేస్తున్నారు. తెలుగు ఉండవలసిన చోట లేదు, ఫ్రెంచి ఉండవలసిన చోట తెలుగు ఉంది.

మూల్యాంకనంలోనూ ఈ ఆలోచన కనిపించాలి. భాషా సామర్థ్యాలకు 2001లో ఐరోపా మండలి వెలువరించిన ఉమ్మడి ప్రమాణాలు మధ్యవర్తిత్వాన్ని, అంటే ఒక భాషలో విన్నదాన్ని మరో భాషవారికి అందజేయడాన్ని, ఒక సామర్థ్యంగా గుర్తించాయి. 2020 నాటి అనుబంధ సంపుటి దాన్ని మరింత విస్తరించింది. వెన్నెలకంటివారి పాత వృత్తికి ఇది కొత్త పేరు. మన ప్రశ్నపత్రాల్లో దానికి చోటు కల్పించడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. అనువాద ప్రశ్న ఇంగ్లీషులోకి అడిగే చోట తెలుగులోకి, ఉర్దూలోకి, తమిళంలోకి రాయవచ్చని ఒక వాక్యం చేర్చాలి.

అభ్యాసం

మైపాడు తీరానికి ఒక ఫ్రెంచి దంపతుల జంట వచ్చిందనుకోండి. వారితో మాట్లాడుతున్న పడవ యజమాని తెలుగులో చెప్పిన ఈ మూడు మాటలను మీరు వారికి ఫ్రెంచిలో అందజేయాలి: ‘మీకు ఈత వచ్చా?’, ‘ఈరోజు అలలు పెద్దవి, ఈదలేరు’, ‘మీకు మా ఊరు నచ్చిందా?’. ప్రతి వాక్యం దగ్గరా తెలుగు మీకు ఎక్కడ దారి చూపిందో, ఎక్కడ వదిలేసిందో ఒక్కొక్క వాక్యంలో తెలుగులో రాయండి. ఫ్రెంచి వాక్యాలను ఫ్రెంచి లిపిలోనే రాసి, సంప్రదింపు తరగతిలో పైకి చదవండి.